ఇసుకల కూసున్నోడు

పోయిన ఆదివారం ఏడుపాయల పోయిన. ఫోటో చూసి నలుగురైదుగురు ఇన్‌బాక్స్‌ల అడిగిండ్రు: "అన్నా, ఏప్రిల్ వస్తే స్టేజీల మీద ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివిస్తవు, నువ్వు గుడికెందుకు పోయినవ్?" అడగాల్సిందే. ఈ వారం పోస్టు మొత్తం దానికి జవాబే. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

మా అక్క పిలిచింది, పోయిన. అక్క కొడుక్కు ఇప్పుడు తొమ్మిదేండ్లు. ఇంట్ల అందరం బుజ్జోడు అంటం, ఈడ గూడ అదే పేరుంచుత. వానికి సెరిబ్రల్ పాల్సీ. నడువడు. ఆసరా లేకుండ కూసోడు. మాటలు మాకు అర్థమైతయి, బయటోళ్లకు కావు. నవ్వితే మాత్రం నాలుగిండ్ల అవతలికి వినపడ్తది.

ఏడుపాయల తెల్వనోళ్లకు రెండు ముక్కలు. మెదక్ జిల్లా పాపన్నపేట మండలం, నాగ్సాన్‌పల్లి శివారు. మంజీర ఈడ ఏడు పాయలుగ చీలి ముందట మళ్ల ఒకటైతది. పాయల నడుమ బండల దగ్గర వనదుర్గమ్మ. వానలు కొట్టి మంజీర పొంగితే గుడి నీళ్లల్ల మునుగుతది, అప్పుడు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంల పెట్టి మొక్కుతరు. దగ్గర్నే ఘనపురం ఆనకట్ట, నిజాం కాలంల 1905ల కట్టింది. దాని మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల కింది మళ్లల్లనే మా అవ్వ, మా అమ్మ, మా అక్క నాట్లేసిండ్రు. మా బంధువులల్ల చానామందికి శివరాత్రి జాతర అంటే బండ్లు తిరుగుడు, యాట కోసుడు, చెట్ల కింద వండుకోని తినుడు. నాకు చదువు వచ్చినంక దూరమైంది. వాళ్లకు కాలేదు. నేను ఎగతాళి చేస్త అనుకుంటరేమో, చేయ.

బుజ్జోడు పుట్టినప్పటి సంగతి చెప్పాలె. మా అక్క ఎనిమిదో నెల పడ్డదాక నాట్లకు పోయింది. నొప్పులు ఒక రాత్రి, ఒక పగలు. ఏ దవాఖాన అన్నది ఈ కతకు అక్కర లేదు. బిడ్డ బయటపడంగనే ఏడువలేదు, ఒళ్లు నీలంగ ఉండెనట. మూడో రోజుకు కామెర్లు ముదిరినయి. ఆ రాత్రి నేను యూనివర్సిటీ హాస్టల్ల కూసోని సిద్ధాంత గ్రంథంల నాలుగో అధ్యాయం దిద్దుకుంటున్న. అధ్యాయం 'దళిత కథల్లో తల్లి'. ఫోన్ సైలెంట్ల పెట్టిన. తెల్లారి చూస్తే మా బావవి పదకొండు మిస్డ్ కాల్స్.

1928ల బొంబాయి శాసనమండలిల ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద మాట్లాడుకుంట బాబాసాహెబ్, కాన్పుకు ముందు, కాన్పు తర్వాత తల్లికి విశ్రాంతి ఇయ్యడం దేశానికే అవసరమని వాదించిండు. నేను ఈ ముచ్చట క్లాసుల ఎన్నిసార్లు చెప్పిన్నో. చెప్పినప్పుడల్ల ఫ్యాక్టరీ ఆడోళ్లు యాదికొచ్చిండ్రు గాని, బురదల వంగి ఉన్న మా అక్క యాదికి రాలేదు.

నాట్లకు పోవుడే దీనికి కారణమని నేననను. ఈ బీమారిని లండన్ల విలియం లిటిల్ అనే డాక్టరు 1860లల్ల కాన్పు కష్టంతోని ముడిపెట్టిండు, చానా ఏండ్లు దీన్ని 'లిటిల్ జబ్బు' అనే పిలిచిండ్రు. 1897ల సిగ్మండ్ ఫ్రాయిడ్ – అవును, ఆ ఫ్రాయిడే, అప్పటికి పిల్లల నరాల డాక్టరు – అడ్డం తిరిగిండు: కాన్పు కష్టమవడమే కడుపుల ముందుగాల జరిగిన దెబ్బకు గుర్తు కావచ్చు గదా అన్నడు. ఇప్పుడు తెలిసిందేందంటే, ఎదుగుతున్న మెదడుకు కడుపులనో, కాన్పులనో, పుట్టిన కొత్తలనో దెబ్బ తాకుతది. నెలలు నిండక పుట్టుడు, ఊపిరాడకపోవుడు, ముదిరిన కామెర్లు, మెదడుకు ఇన్‌ఫెక్షన్, ఇట్ల దారులు ఎన్నో. ఒక్కొక్క పిలగాని కాడ ఏది అన్నది చానాసార్లు తేలదు. ఒకటి మాత్రం ఖాయం. తల్లి గ్రహణం నాడు బయటికెళ్లినందుకు రాదు, పోయిన జన్మల పాపానికి రాదు. మెదడుల దెబ్బ పెరగదు గాని, కండలు బిగుసుకుంట పోతయి, చూడకపోతే కీళ్లు వంకర పోతయి. అందుకే ఎంత చిన్నగున్నప్పుడు మొదలువెడితే అంత మేలు.

తెలుగు సార్‌ను గదా, పేరు మీద ఒక మాట. సర్కారు కాయిదాలల్ల దీన్ని 'మస్తిష్క పక్షవాతం' అని రాస్తరు. ఊళ్లె ఆ మాట అంటే, ముసలోళ్లకు ఒక పక్క పడిపోతది గదా, అదనుకుంటరు. పసి పిల్లగానికి పక్షవాతమేందని మా అత్త నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది. మా అక్క మాత్రం మొదటి నుంచి ఒక్కటే చెప్పేది: "ఎత్తుకుంటే కట్టె తీరు బిగుసుకుంటడు తమ్మీ, కాళ్లు కత్తెర వేస్తడు." డాక్టరు పుస్తకంల స్పాస్టిసిటీ గురించి రాసింది గూడ గదే. పేరు రాకముందే ఆమెకు రోగం తెలుసు. ఏడాదిన్నర దాక ఎవలూ ఆమె మాట వినలేదు.

ఇగ నా తప్పు. బుజ్జోనికి రెండేండ్లప్పుడు పట్నంల ఒక ప్రైవేటు క్లినిక్కుకు నేనే తీస్కపోయిన. వాళ్లు ఇంగ్లీషుల బొమ్మలు గీసిన కాయిదం ఇచ్చిండ్రు, రోజుకు రెండుసార్లు ముప్పావు గంట చేయించాలె అన్నరు. పదిహేను రోజులకోసారి పోతే, "ఇంట్ల చేయిస్తలేరా అమ్మా, ఇట్లయితే ఎట్ల" అని అక్క మీద కోపానికొచ్చేది. పొద్దున నాలుగింటికి లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, కైకిలి పోయి, పొద్దుగూకి వచ్చి, మళ్ల వంట చేసే మనిషికి ఆ రెండు ముప్పావు గంటలు ఏడికెల్లి వస్తయో ఆ కాయిదంల రాసి లేదు. ప్రతిసారి ఇద్దరి కూలి పోవుడు, బస్సుకిరాయి అదనం. నేను గూడ ఫోన్ల అడిగేటోన్ని: "అక్కా, చేయిస్తున్నవా?" పెద్ద ఆఫీసర్ తీరు.

ఆ తర్వాత ఎవలో స్టెమ్ సెల్ ఇంజక్షన్ అన్నరు. లక్షలల్ల ఖర్చు. అప్పు చేద్దామని నేనే పట్టువట్టిన. మన దేశ మార్గదర్శకాలల్లనే, 2017 నాటియి, కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప స్టెమ్ సెల్ చికిత్సను పరిశోధన బయట అమ్మొద్దని ఉంది. పీహెచ్‌డీ చేసినోన్ని, ఒక్కసారి వెతికి చదువుకోలేదు. ఆపింది మా అక్క. పదో తరగతి ఫెయిల్ అయిన మా అక్క. "వాడు రేపు నడుస్తడని నువ్వు కొనుక్కొస్తనంటున్నవు. ఇయ్యాల వానికి అన్నం గొంతుల దిగుతలేదు. గా మందు యాడ దొరుకుతది చెప్పు" అన్నది. నా కాడ జవాబు లేకుండె.

కరోనా అయినంక, బుజ్జోనికి ఆరేండ్లప్పుడు, మండలంల భవిత కేంద్రానికి పోయిండ్రు. సమగ్ర శిక్ష కింద నడిచే కేంద్రాలివి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రిసోర్స్ టీచర్లుంటరు, ఫిజియోథెరపిస్టు వారానికోసారి వస్తరు. ఆ రోజు వచ్చిన ఫిజియోథెరపీ మేడం పిలగాని కాళ్లు ముట్టకముందే అక్కను నేల మీద తన పక్కకు కూసోమన్నది. "పొద్దున లేచినకాడికెల్లి రాత్రి పండుకునేదాక మీ ఇంట్ల ఏమేం జరుగుతయి, చెప్పమ్మా. అందుల అన్నిటికంటె నీకు కష్టమైంది ఏది?"

నాలుగేండ్లల్ల ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. మా అక్కకు ఏడుపొచ్చిందట.

"తానం మేడం" అన్నదట. "బరువైండు, బిగుసుకుంటడు, జారుతడు, నా నడుం పోతుంది." రెండోది తిండి. మా అత్త వాన్ని కాళ్ల మీద ఎల్లెలకల పండవెట్టుకోని, నోట్లె గంజి పోసేది. పసి పిల్లలకు పోసే అలవాటే, ఆరేండ్లకు గూడ. వాడు దగ్గేది, ఉక్కిరిబిక్కిరయ్యేది, చలికాలం వస్తే నిమ్ము. ఏడాదిల మూడుసార్లు దవాఖానల పడ్డడు. పండుకోబెట్టి పోస్తే అన్నం, గంజి ఊపిరితిత్తుల దిక్కు పోతయని మా ఎవ్వలికీ తెల్వది. పట్నం కాయిదంల అది లేదు, ఎందుకంటే వాన్ని ఎట్ల తినిపిస్తున్నరని అక్కడ ఎవలూ అడగలేదు.

మేడం ఆ రోజు మొదలువెట్టింది గంజి కాడ. కూసోవెట్టి, తల ఎనుకకు వాలకుండ కొంచెం ముందుకు ఉండేటట్టు, పలుచటి గంజి గాకుండ ముద్దపప్పు తీరు చిక్కగ, చిన్న స్పూనుతోని, మింగిండని చూసినంకనే ఇంకో ముద్ద. అక్కకు గాదు, మా అత్తకు నేర్పింది. "మీరే గదా అవ్వా తినిపించేది, మీరే చూపియ్యండ్రి నాకు" అని అత్త చేతిల గిన్నె పెట్టింది. అప్పటిదాక 'మా కొంప ముంచిన కాన్పు' అని అక్కను దెప్పిన ముసలామె, ఆ వారం నుంచి వాడకట్టుల డాక్టరమ్మ అయింది.

ఎత్తుకునేది చూపియ్యమంటే అక్క భయపడ్డది, మళ్ల తిడుతరేమోనని. ఎప్పటి తీరు సంకల ఎత్తుకున్నది, కాళ్లు ఇటొకటి అటొకటి. "ఇదే మంచిది" అన్నది మేడం. కత్తెర పడే కాళ్లను ఎడం చేసి ఉంచాలంటే మన ఆడోళ్ల సంకను మించింది లేదట. అంటే రోజుకు నాలుగు గంటలు మా అక్క చికిత్స చేస్తనే ఉన్నది, దానికి ఎవలూ లెక్క కట్టలేదు. తానానికి పాత టబ్బుల చిన్న పీట ఏసి, ఎనుక బట్ట మడతపెట్టి ఆనిచ్చిండ్రు.

వాడు నడుస్తడా అని అక్క ఆ రోజే అడిగింది. అప్పటిదాక అందరు డాక్టర్లు "చూద్దాం" అన్నరు. మేడం దాపెట్టలేదు. కెనడాల మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 1997ల ఈ పిల్లల కదలికలను ఐదు మెట్లుగ పంచిండ్రు. బుజ్జోడు నాలుగో మెట్టు. ఈ మెట్టు పిల్లలు ఎక్కువగ చక్రాల కుర్చీ మీదనే తిరుగుతరు, ఆనిక ఉంటే కూసోగలుగుతరు, చేతులు వాడగలుగుతరు. "నడిపిస్తనని చెప్పను. కూసోని, చేతితోని తినేటట్టు ప్రయత్నం చేద్దాం" అన్నది. మా అక్క ఆ రాత్రి నిద్ర పోలేదట. తెల్లారి మొక్కు మార్చుకుంది. అంతకుముందు మొక్కు, వాడు నడిస్తే వనదుర్గమ్మకు యాట కోస్తనని. "అమ్మవారికి చెప్పిన తమ్మీ, నడువకున్నా ఏం గాదు, కూసోని తన చేతితోని నాలుగు మెతుకులు తింటే యాట ఇస్త" అని. నేను ఎన్నో పుస్తకాలు చదివిన, ఇంత నిజాయితీగ దేవునితోని బేరం మార్చిన మనిషిని యాడ చూడలే.

తర్వాత నేను చదవడం మొదలువెట్టిన, నాలుగేండ్లు ఆలస్యంగ. మేడం చేసింది ఆమె మంచితనం ఒక్కటే కాదు, దానెనుక ఒక జ్ఞానం ఉంది. 1987ల డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో పల్లెల అనుభవంతోని వికలాంగ పిల్లల మీద పెద్ద పుస్తకం రాసిండు. ఊరి వడ్రంగి, ఊరి తల్లి, ఊళ్లె దొరికే కట్టె, టైరు, మట్టి, వీటితోనే చికిత్స అంటడు. దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌ల 'హంబిసెలా' అని తల్లులను గుంపుగ కూసోవెట్టి నేర్పే పాఠాలు తయారైనయి. వాటిని ఆధారం చేసుకోని బంగ్లాదేశ్ పల్లెలల్ల అట్లాంటి గుంపులు నడిచినయి. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్, ఆమె తోటివాళ్లు 2013ల ఇప్పటిదాక జరిగిన పరిశోధనలన్నీ ఒడవోసి ట్రాఫిక్ లైట్ల తీరు ఎరుపు, పసుపు, ఆకుపచ్చగ గుర్తులు వెట్టిండ్రు. ఎవలో కాళ్లు చేతులు వంచుడు కంటె, పిలగాడు తానే ఒక పనిని మళ్లమళ్ల చేసుకుంట నేర్చుకునుడు, ఇంటి పనులల్ల కలిసిపోయిన అభ్యాసం, ఇవి ఆకుపచ్చల పడ్డయి. 2012ల పీటర్ రోసెన్‌బామ్, ఆయన తోటి డాక్టరు గోర్టర్, ఈ పిల్లలకు కావాల్సినవి ఆరు మాటలల్ల చెప్పిండ్రు. మన తెలుగుల చెప్తే: పని, కుటుంబం, సత్తువ, సరదా, దోస్తులు, రేపు.

ఈ ఆరు మాటలు అక్కకు ఫోన్ల చదివి వినిపిస్తే, "దోస్తులా?" అన్నది. ఇంకేం అనలేదు. బడిల పేరైతే రాసుకున్నరు. విద్యాహక్కు చట్టానికి 2012ల సవరణ వచ్చింది, ఈ పిల్లలకు గూడ హక్కుంది, మరీ కష్టమైతే ఇంటి దగ్గరనే చదువు చెప్పాలె. టీచరమ్మ ఇంటికొస్తది, మంచిదే. గాని ఇంటికి దోస్తులు రారు గదా.

కుటుంబం అన్న మాట కాడ నాకు పేచీ ఉంది. ఇంగ్లీషు పుస్తకాలల్ల 'కుటుంబమే కేంద్రం' అని చదువుతుంటే బాగుంటది. మన దగ్గర కుటుంబం అంటే ఎవలు? అమ్మ. ఇంకా ఎవలు? అమ్మే. నా సిద్ధాంత గ్రంథంల దళిత తల్లి ఓర్పును, త్యాగాన్ని, ఆమె ఒక్కతే సంసారాన్ని మోసిన తీరును మెచ్చుకుంట ఎనభై పేజీలు రాసిన. దానికి చప్పట్లు కొట్టిండ్రు. ఇప్పుడు చదివితే సిగ్గయితది. మోస్తున్న మనిషిని పొగుడుకుంట నిలవడ్డమంటే, బరువు దించుకునే పని మనకు లేదనుకున్నట్టే. పట్నం క్లినిక్కు అక్కను తిట్టింది, నేను అక్కను పొగిడిన. ఇద్దరం గూడ పని ఆమె మీదనే పెట్టినం.

మేడం మూడో వారం ఒక షరతు పెట్టింది: "వచ్చేసారి అక్క రావద్దు, బావ రావాలె." మా బావ ట్రాక్టర్ నడుపుతడు. మొగోడు, గట్టి మనిషి, పిలగాన్ని చూసి కండ్లనీళ్లు పెట్టుకునేటోడు గాని ఒక్కనాడు ముడ్డి కడిగింది లేదు. ట్రాక్టర్ కిరాయి పోతదని గొణిగిండు. పోయిండు. ఇయ్యాల బుజ్జోని తానం బావదే. మూల కుర్చీ గూడ బావ చేయించిండు. మూడు చెక్కలు, ఎనుక మూల మీద ఆనుకునేటట్టు, ముందట బల్ల, కాళ్ల నడుమ ఒక గుంజ. ఒక క్యాంపుల ఇచ్చిన చక్రాల కుర్చీ వానికి రెండింతలుంది, అందుల వాడు మునిగిపోతడు. అది ఇప్పుడు బియ్యం బస్తా మోసేటందుకు పనికొస్తుంది. చెక్క కుర్చీకి కొలతల కోసం వడ్లాయన మా వాడకొచ్చి, మా గడపల కూసోని, బుజ్జోని నడుం, తొడ, వీపు మూరేసి కొలిచిండు. మా తాత కాలంల ఇది ఊహకు గూడ రాని సంగతి. వడ్లాయనకు ఆ ధ్యాసే లేదు, పిలగాడు కదులుతుంటే "ఆగురా బిడ్డా" అని గదుముతున్నడు.

ఆ కుర్చీని వాకిట్ల పెట్టినంక దోస్తులొచ్చిండ్రు. వాడ పిల్లల క్రికెట్లకు అంపైర్ కావాలె. బుజ్జోడు అంపైర్. ఔట్ అంటే చెయ్యి లేపాలె. భుజం లేవదని ఏడాది సంది వంచుతున్న చెయ్యి, పక్కింటి పిలగాన్ని ఔట్ చేసేటందుకు నెల రోజులల్ల లేచింది. అన్యాయంగ గూడ ఇస్తడు ఔట్లు. కొట్లాటలైతయి. మా అక్కకు ఆ కొట్లాటలంటే పానం.

కాయిదాల సంగతి తొందరగ చెప్పి వదిలేస్త, ఎందుకంటే మీల చానామంది విద్యార్థి సంఘాలల్ల ఉన్నరు, ఊళ్లకు పోతరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంల సెరిబ్రల్ పాల్సీ ఉంది. నలభై శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్, పింఛను. తెలంగాణల ఆ పింఛను 2023ల 4016 రూపాయలకు పెరిగింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాక, థెరపీ ఖర్చులు గూడ అందుల వస్తయి. అదే 2016 చట్టం 24వ సెక్షన్ల ఇంకో ముచ్చట ఉంది: ఎక్కువ ఆసరా కావాల్సినోళ్లకు సంరక్షకుల భత్యం. అంటే చూసుకునే మనిషి కోసం పైసలు. మా అక్కకు ఇప్పటిదాక ఒక్క రూపాయి రాలే. పింఛన్ల కోసం ధర్నా చేసినం గాని, ఈ భత్యం కోసం మన సంఘాలు బ్యానరు కట్టింది నేను చూడలే, నాతోని సహా. వచ్చే నెల మెదక్ల మీటింగుకు ఇది ఎజెండాల పెట్టిన. రాగలిగినోళ్లు రాండ్రి, పిల్లలున్న తల్లులను, ముఖ్యంగ తండ్రులను తీసుకోని రాండ్రి.

ఇగ ఆదివారం. యాట కోసిండ్రు. నేను లోపలికి పోలేదు, నా మాట నాకుంది. అక్క గూడ రమ్మనలేదు. "నువ్వు బుజ్జోని కాడ ఉండు తమ్మీ, మేం దండం పెట్టుకోనొస్తం" అన్నది. తొమ్మిదేండ్లల్ల మా అక్క నాకు అప్పగించిన మొదటి పని అది అనిపించింది. చెక్క కుర్చీ ఆటోల పట్టలేదు. ఒళ్లె కూసోవెట్టుకున్న, ఐదు నిమిషాలకే చేతులు గుంజినయి. మా అక్క రోజుకు నాలుగు గంటలు మోస్తది.

పక్క చెట్టు కింద వంట చేసుకుంటున్న ఒక పెద్దమ్మ వాన్ని చూసి, "ఏ జన్మల ఏం పాపం చేసుకున్నడో కొడుకు" అని దండం పెట్టింది. నేను ఉపన్యాసం మొదలువెట్టబోయిన. అప్పటికే అక్క వచ్చింది. "పాపం లేదు, ఏం లేదు పెద్దమ్మా. పుట్టినప్పుడు ఊపిరాడలే. నువ్వేం వండుతున్నవ్?" అన్నది. ఇద్దరూ మసాలా గురించి మాట్లాడుకున్నరు. పెద్దమ్మ ఒక గిన్నె కూర బుజ్జోనికని పంపింది.

బావ పాయ ఒడ్డున, నీళ్లకు దూరంగ, రెండు చేతులతోని ఇసుక తోడిండు. మోకాలంత గుంత. అందుల బుజ్జోన్ని దించి, తొడలు ఎడం చేసి, నడుం చుట్టూ ఇసుక నింపి తట్టిండు. ఇది గూడ మేడం చెప్పిందేనట: కుర్చీ లేనికాడ మట్టే కుర్చీ. బావ ఒక చెయ్యి తీసిండు. కొంచెం ఆగి ఇంకో చెయ్యి తీసిండు. బుజ్జోడు అటు ఒరిగిండు, ఇటు ఒరిగిండు, మళ్ల నిలవడ్డడు. రెండు చేతులు ఖాళీగ ఉన్నయి వానికి. ఏం చేయాల్నో తెల్వక ఇసుక పిడికిలి పట్టి నా అంగీ మీదికి ఇసిరిండు.

"పట్టీలు లేవు, కుర్చీ లేదు, ఇప్పుడు కూసున్నట్టు" అన్నది మా అత్త. ఇంట్ల కుర్చీల కూసునుడు మొక్కు కిందికి రాదని ఆమె వాదన. పళ్లెంల కూర, అన్నం కలిపి ముందట పెట్టింది. వాడు పిడికిలితోనే తీసుకున్నడు. సగం కింద పడ్డది, పావు గడ్డానికి అంటింది, మిగిలింది నోట్లెకు పోయింది. దగ్గు రాలే. అక్క అటు తిరిగి గిన్నెలు తోముతున్నది, చానాసేపు ఒకటే గిన్నె తోమింది.

పొద్దుగూకుతుంటే ఆటోఆయన హారన్ కొట్టిండు. బావ లేపబోతే బుజ్జోడు ఒళ్లంత బిగవట్టి, రానని ఒర్రిండు. ఇంకో అర్ధగంట కూసున్నం.